మూడు నెలల జీవనశైలి ప్రోగ్రాంలో చేరితే బీపీ, కొలెస్ట్రాల్ మందులు మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. కాకినాడలో ఉంటాను, బ్యాంకు ఉద్యోగం. బరువు 84 కిలోలు, నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు. రెండు మూడుసార్లు చూపించుకున్నా బీపీ 148/94 దగ్గరే ఉంటోంది. రక్త పరీక్షల్లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 164, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) 260, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 35, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) 6.1 వచ్చాయి. రోజుకు నాలుగైదు సిగరెట్లు కాలుస్తాను, శని ఆదివారాల్లో మద్యం తీసుకుంటాను. మా నాన్నగారికి 52వ ఏట గుండెపోటు వచ్చింది. డాక్టర్‌గారు బీపీకి టెల్మిసార్టన్, కొలెస్ట్రాల్‌కు రోసువాస్టాటిన్ రాశారు. 12 వారాల జీవనశైలి ప్రోగ్రాంలో చేరితే మందుల అవసరమే ఉండదని మిత్రులు చెబుతున్నారు. మందులు మొదలుపెట్టకుండా ముందు అది ప్రయత్నించవచ్చా?

జవాబు: ప్రోగ్రాంలో తప్పకుండా చేరండి. అయితే దానికోసం మందులు వాయిదా వేయకండి. మీ రిపోర్టులోని అంకెలన్నీ జీవనశైలి మార్పుకు ఒకే రకంగా స్పందించవు. కొన్ని వారాల్లోనే దిగివస్తాయి, కొన్ని ఎంత శ్రమపడినా కొద్దిగానే కదులుతాయి. మీ విషయంలో గుండెకు ఎక్కువ హాని చేయగల ఎల్‌డీఎల్ ఈ రెండో రకంలో ఉంది.

అన్నిటికంటే త్వరగా తగ్గేవి ట్రైగ్లిజరైడ్లు. మద్యం మానేసి, తీపి పదార్థాలు, చక్కెర వేసిన టీ, కాఫీలు తగ్గించి, రాత్రి పూట అన్నం సగానికి తగ్గించి, ఆ ఖాళీని పప్పు, కూర, గుడ్డు లేదా చేపతో నింపితే 260 ఉన్నది మూడు నెలల్లో 200 లోపుకు రావడం మేము తరచుగా చూసేదే. అన్నానికి బదులు కొర్రలు, సామలు అంతే కొలతలో, అంతే పెద్ద కంచంలో తింటే ఆశించిన ఫలితం ఉండదు. పరీక్షకు ముందు వారాంతంలో మద్యం తాగి సోమవారం ఉదయం రక్తం ఇచ్చినా ఈ అంకె ఎక్కువగా చూపిస్తుంది కాబట్టి ఈసారి ఆ జాగ్రత్త పాటించండి. హెచ్‌డీఎల్ వ్యాయామంతో కొన్ని పాయింట్లు పెరగవచ్చు. దాని వెంట పడనవసరం లేదు.

బీపీ విషయంలోనూ ఆశాజనకమైన మార్పే ఉంటుంది. బరువు ఒక కిలో తగ్గితే పై అంకె సుమారు ఒక పాయింటు తగ్గుతుంది. క్రమం తప్పని నడక, ఉప్పు తగ్గించడం ఒక్కొక్కటీ మరో నాలుగైదు పాయింట్లు తగ్గించగలవు, కానీ ఇవన్నీ లెక్క ప్రకారం పూర్తిగా కలిసిపోవు. ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ ఇంట్లో ఎంత వాడుతున్నారో తెలుసుకోవాలంటే ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజున దాని మీద తేదీ రాసి పెట్టండి. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. నెలకే అయిపోతుంటే మనిషికి 8 గ్రాములు దాటుతున్నట్టే, అందులో ఆవకాయ, అప్పడాలు, వడియాలు, బయట తినే టిఫిన్ల ఉప్పు ఇంకా కలవలేదు. తక్కువ సోడియం ఉన్న ఉప్పు కొందామనుకుంటే ముందు మీ డాక్టర్‌ను అడగండి. అందులో పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టన్ కూడా రక్తంలో పొటాషియాన్ని పెంచగలదు. కిడ్నీల పనితీరు చూసుకోకుండా రెండూ కలిపి వాడటం మంచిది కాదు.

ఇక ఎల్‌డీఎల్. పామాయిల్, డాల్డా, వేపుళ్లు, బేకరీ సరుకు మానేసి ఎంత నిష్ఠగా తిన్నా ఇది సాధారణంగా 10 నుంచి 15 శాతమే తగ్గుతుంది. అంటే మీ 164 బహుశా 140 దగ్గర ఆగుతుంది. తండ్రికి 55 ఏళ్ల లోపే గుండెపోటు వచ్చిన, బీపీ, ప్రీడయాబెటిస్ (మధుమేహానికి ముందు దశ), పొగతాగే అలవాటు ఉన్న వ్యక్తికి 100 లోపు ఉండాలని మేము కోరుకుంటాం. ఆ దూరాన్ని స్టాటిన్ (రోసువాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందు) మాత్రమే పూడ్చగలదు.

జీవనశైలి మార్పు ఒక్కటే చాలదనడానికి పెద్ద ఆధారం అమెరికాలో జరిగిన లుక్ అహెడ్ అధ్యయనం. మధుమేహం, అధిక బరువు ఉన్న 5,145 మందిలో సగం మందికి ఎంతో శ్రద్ధగా ఆహార, వ్యాయామ శిక్షణ ఇచ్చారు. మొదటి ఏడాదిలో వారి బరువు సగటున 8.6 శాతం తగ్గింది, చక్కెర, బీపీ మెరుగుపడ్డాయి. అయినా తొమ్మిదేళ్లకు పైగా గమనించాక గుండెపోట్లు, పక్షవాతాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదని 2013లో ప్రకటించారు. ఆ శిక్షణ లేనివారిలో స్టాటిన్ల వాడకం ఎక్కువగా ఉంది, ఎల్‌డీఎల్ కూడా వారిలోనే తక్కువగా ఉంది. ఫలితం అలా రావడానికి ఇదొక కారణమై ఉంటుందని చాలామంది నిపుణుల అభిప్రాయం, నాదీ అదే.

అలాగని జీవనశైలి మార్పు వృథా అనుకోకండి. మీలాగే మధుమేహానికి ముందు దశలో ఉన్నవారి మీద చైనాలోని డాచింగ్ నగరంలో 1986లో మొదలైన అధ్యయనంలో ఆరేళ్లపాటు ఆహారం, వ్యాయామం మార్పించారు. 30 ఏళ్ల తర్వాత చూస్తే మధుమేహం సగటున దాదాపు నాలుగేళ్లు ఆలస్యమైంది, గుండె, రక్తనాళాల జబ్బులు 26 శాతం తగ్గాయి. చెన్నైలో 531 మంది మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో మధుమేహం వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది, అదీ బరువు పెద్దగా తగ్గకుండానే. మన శరీర తత్వానికి బరువు గురించిన ఈ మాట ముఖ్యమని నేననుకుంటాను. నెల రోజులకు త్రాసు ముల్లు కదలలేదని నడక మానేసేవారు నా దగ్గరికి చాలామంది వస్తుంటారు. డాచింగ్‌లో ఆరేళ్లు పట్టిన పనిని 12 వారాలు చేసి ఆపేస్తే అదే లాభం రావాలని ఆశించలేం.

మీ ప్రశ్నలో మీరు అలా రాసి వదిలేసిన సిగరెట్ల గురించి కూడా చెప్పాలి. రోజుకు నాలుగైదే కదా అని చాలామంది సరిపెట్టుకుంటారు. గుండె విషయంలో ఆ లెక్క చెల్లదు. రోజుకు 20 కాల్చేవారికి గుండెజబ్బు ముప్పు ఎంత అదనంగా ఉంటుందో, ఒక్కటి కాల్చేవారికీ అందులో దాదాపు సగం ఉంటుంది. తగ్గించడం చాలదు, పూర్తిగా మానేయాలి. ప్రోగ్రాం మొత్తంలో మీరు ఇదొక్కటే చేయగలిగినా నేను సంతోషిస్తాను.

ప్రోగ్రాం ఎంచుకునేటప్పుడు, మందులు ఆపించేస్తామని ముందే హామీ ఇచ్చేవాటికీ, డిటాక్స్ రసాలూ పొడులూ అమ్మేవాటికీ దూరంగా ఉండండి. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, ఆరు కిలోల వరకు బరువు తగ్గడం, పొగ మానడానికి సాయం, 12 వారాల తర్వాత కూడా నెలకోసారి పలకరించే ఏర్పాటు ఉంటే అది మంచి ప్రోగ్రామే. వ్యాయామం మొదలుపెట్టే ముందు మీ డాక్టర్ దగ్గర ఈసీజీ తీయించుకోండి. నడిచేటప్పుడు ఛాతీలో బరువుగా అనిపించినా, ఎడమ చేయి లేదా దవడ లాగినా, మామూలుకు మించిన ఆయాసం వచ్చినా వెంటనే ఆపేసి డాక్టర్‌కు చూపించుకోండి. కూర్చున్నా ఆ నొప్పి తగ్గకపోతే గ్యాస్ మాత్ర వేసుకుని ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయండి.

12 వారాల తర్వాత లిపిడ్ ప్రొఫైల్, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది), పొటాషియం పరీక్షలు మళ్లీ చేయించండి. దానికి ముందు వారం రోజులు ఇంట్లోనే ఉదయం, సాయంత్రం బీపీ చూసి రాసుకోండి. ఐదు నిమిషాలు కుర్చీకి ఆనుకుని కూర్చుని, పాదాలు నేలమీద, చేయి టేబుల్ మీద ఉంచి చూడాలి, టీ తాగిన వెంటనే చూడకూడదు. అందులో పై అంకె వరుసగా 120 దగ్గర, అంతకన్నా కింద ఉంటే టెల్మిసార్టన్ మోతాదు తగ్గించే ఆలోచన మీ డాక్టర్ చేయవచ్చు. రోసువాస్టాటిన్ విషయంలో మాత్రం ఎల్‌డీఎల్ 80కి వచ్చిందని ఆపేయకండి, అది 80కి రావడానికి కారణం ఆ మాత్రే.