కార్ల ఫ్యాక్టరీలో ట్యాంకు గేర్లు

ప్రశ్న: 1942లో అమెరికా కార్ల ఫ్యాక్టరీలు ట్యాంకుల పనికి మళ్లాయి కదా, కారు గేర్లు కోసే మెషీన్లే సరిపోయాయా? - ఒక టర్నర్, అంబత్తూరు, చెన్నై

జవాబు: కొన్నిటికే. ఎం5 ట్యాంకులో రెండు క్యాడిలాక్ వీ8 ఇంజిన్లు, రెండు హైడ్రామాటిక్ (తనంతట తానే గేర్లు మార్చే) గేరుబాక్సులు పెట్టారు. అవి కార్లకు చేసేవే, పెద్ద తంటా లేదు. షెర్మన్ ట్యాంకు ఫైనల్ డ్రైవ్ (ఇంజిన్ బలాన్ని ఆఖరున ట్రాకు తిప్పే చక్రానికి అందించే గేర్లు) దగ్గరే అసలు తిప్పలు. అందులోవి హెరింగ్‌బోన్ గేర్లు: పళ్లు రెండు వరసలుగా ఎదురెదురుగా వాలి ఉంటాయి, కాబట్టి పక్కకు తోసే బలం రద్దవుతుంది. మధ్యలో గాడి లేకపోతే మామూలు హాబ్ (గేరు పళ్లు కోసే తిరిగే కట్టర్) అవతలి వరసను కొట్టేస్తుంది. వేరే మెషీన్ కావాల్సిందే. పైగా ఇలాంటి గేరు హార్డెనింగ్‌లో (వేడి చేసి గట్టిపరచడంలో) వంకర పోతే దాన్ని సరిచేసే గ్రైండింగ్ చక్రం మధ్యదాకా దూరదు. బిగించేముందు పళ్లకు నీలం రంగు రాసి జత గేరుతో తిప్పాలి, పళ్లు తాకిన చోట మచ్చ పడుతుంది. మచ్చ పంటి అంచుకు జరిగిందా, లోడంతా అక్కడే పడి పన్ను విరుగుతుంది.