మీ లారీయే కావచ్చు, రాత్రిపూట క్రేన్‌తో ఎత్తుకొస్తే దొంగతనం కేసే

ప్రశ్న: మా తాతగారు 1966లో కొన్న టాటా మెర్సిడెస్ బెంజ్ లారీని మళ్లీ పాతరూపానికి తేవాలని 2021 ఆగస్టులో విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి ఇచ్చాను. నాలుగు లక్షలకు మాట. 3,20,000 కట్టాను. మేస్త్రీ ఇప్పుడు ఇంకో 3,40,000 ఇస్తేనే బండి వదుల్తానంటున్నాడు. అందులో మా బాబాయి టిప్పర్ పాత బాకీ 1,60,000, షెడ్డు అద్దె లక్ష కలిపాడు. ఒరిజినల్ ఇంజిన్ మార్చేశాడని కూడా అనుమానం. బండి ఇచ్చి మూడేళ్లు దాటింది, ఇక కేసు వేయలేమంటున్నారు. ఆర్‌సీ ఇంకా తాతగారి పేరునే ఉంది, ఆయన 2009లో పోయారు. స్నేహితుడి క్రేన్ తీసుకెళ్లి రాత్రికి తెచ్చేసుకుంటే తప్పేమిటి? వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా కావాలి. – తెనాలి పాఠకుడు

జవాబు: తాతగారు మిర్చి లోడుతో కలకత్తా వెళ్లొచ్చిన రోజుల గురించి మీరు రాసిందంతా చదివాను. కోర్టుకి అది అవసరం లేదు. మీ కేసు తేల్చేది మీరు పంపిన స్క్రీన్‌షాట్లలో ఒకే ఒక్క మెసేజ్, అదీ మేస్త్రీకి మీరే పెట్టింది: "అన్నా, మిగతా ఎనభై వేలు ఉగాదికి సర్దుతాను."

అంటే ఈ బండి పనికి మీరు బాకీ ఉన్నట్టు మీ చేతులతో మీరే ఒప్పుకున్నారు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, ఒక వస్తువు మీద తన పనితనం పెట్టినవాడు ఆ పనికి రావలసిన కూలి అందేదాకా దాన్ని తన దగ్గర ఆపుకోవచ్చు. కాబట్టి ఈరోజుకి మేస్త్రీ బండిని ఆపడంలో కొంత న్యాయం ఉంది, కానీ ఆ ఎనభై వేల వరకే. బాబాయి టిప్పర్ బాకీకి మీ లారీని పట్టి ఉంచే హక్కు అతనికి లేదు. ఏ బాకీకైనా ఏ వస్తువునైనా ఆపుకునే హక్కు సెక్షన్ 171లో బ్యాంకర్ల లాంటి కొద్దిమందికే ఇచ్చారు, మెకానిక్‌లు అందులో లేరు. ముందు మాట్లాడుకోకపోతే షెడ్డు అద్దె పేరుతో ఆపడమూ చెల్లదు.

ఇక క్రేన్ సంగతి. ఆ ఆలోచన ఇప్పుడే మానుకోండి. దొంగతనం అంటే ఏమిటో చెప్పే చోట చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది, పాత ఐపీసీ 378లో ఉన్నదే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 303లోకి వచ్చింది: రిపేరు కూలి బాకీ ఉన్నవాడు, ఆ బాకీకి హామీగా రిపేరుదారు ఆపుకున్న తన గడియారాన్నే, ఆ హామీ లేకుండా చేయాలని పట్టుకుపోతే అది దొంగతనం. గడియారం బదులు లారీ పెట్టి చదవండి, అది మీరే. పైగా ఆటోనగర్‌లో రాత్రిపూట లారీని క్రేన్‌తో లేపితే కెమెరాలకి దొరక్కుండా పోతారా? తెలిసిన ఎస్సైతో చెప్పించి బండి తెప్పించుకునే ఆలోచన ఉన్నా వద్దు. ఇప్పుడు మీ వైపు ఉన్న న్యాయం ఆ ఒక్క రాత్రితో అతని వైపు పోతుంది.

గడువు గురించి మిమ్మల్ని ఎవరో అనవసరంగా టెన్షన్ పెట్టారు. బండి ఇచ్చిన రోజు నుంచి లెక్క కాదు. మరొకరి దగ్గర ఉంచిన వస్తువు అడిగితే ఇవ్వనన్న రోజు నుంచి మూడేళ్లు, లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 70. "బిల్లు కట్టేదాకా బండి కదలదు" అన్న అతని వాయిస్ మెసేజ్ 2025 జనవరిది, కాబట్టి 2028 జనవరి దాకా సివిల్ దావాకి టైముంది. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్లే, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. ఇంజిన్ మార్పిడి లాంటి గొడవకి సివిల్ కోర్టే మేలు.

నాలుగు లక్షల పని ఇస్తూ ఒక తెల్లకాగితం మీదైనా ఎస్టిమేట్ రాయించుకోలేదు, ఇంజిన్ నంబరు ఫొటో కూడా తీసుకోలేదు, ఇదేం పద్ధతండీ? టాటా, మెర్సిడెస్ బెంజ్ కంపెనీలు 1954 నుంచి 1969 దాకా కలిసి చేసిన బండ్లవి. నక్షత్రం బ్యాడ్జీకి, అసలు ఇంజిన్‌కి సేకరించేవాళ్లు మంచి ధర ఇస్తారు, అందుకే మీ అనుమానాన్ని నేను కొట్టిపారేయను. కానీ అనుమానం సాక్ష్యం కాదు. పాత ఆర్‌సీ పుస్తకంలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు రాసి ఉంటాయి, అదే మీకు దిక్కు. పగటిపూట, ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్లి, మేస్త్రీ ఒప్పుకుంటే ఇంజిన్ బ్లాక్ మీద నంబరు తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి. ఒప్పుకోకపోతే గొడవపడకుండా వచ్చేయండి, కోర్టు ద్వారా అడ్వకేట్ కమిషనర్‌ని, అంటే కోర్టు తరఫున చూసి వచ్చే వకీలుని, వేయించి అదే పని చేయిద్దాం. నంబరు తేడా వచ్చిందంటే అప్పుడు నమ్మకద్రోహం కింద, న్యాయ సంహిత సెక్షన్ 316, పోలీసు ఫిర్యాదుకి బలం వస్తుంది.

ముందుగా చేయాల్సింది ఎనభై వేలకు మేస్త్రీ పేరు మీద డీడీ తీయడం. వకీలు నోటీసుతో పాటు పంపండి. ఈ బండి పనికి పూర్తి బాకీ ఇదేనని, ఇంజిన్ విషయంలో మీ హక్కులు వదులుకోవడం లేదని, పదిహేను రోజుల్లో బండి అప్పగించాలని అందులో ఉండాలి. డీడీ తీసుకున్నా, తిప్పికొట్టినా, ఆపుకునే హక్కు అతనికి ఇక మిగలదు. అప్పటికీ ఇవ్వకపోతే విజయవాడ సివిల్ కోర్టులో బండి స్వాధీనానికి దావా, దాంతోపాటే బండిని అమ్మకుండా, విప్పకుండా మధ్యంతర ఉత్తర్వు అడగాలి. దావాకి ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఫీజు లేకుండా లోక్ అదాలత్‌కి పెట్టుకోవచ్చు. చాలా షెడ్డు తగాదాలు అక్కడే తెగుతాయి. మెసేజ్‌లున్న ఫోన్ మాత్రం మార్చకండి, కోర్టులో వాటికి భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ చట్టం బదులు వచ్చింది) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. "ఆర్‌సీ నీ పేరున లేదుగా" అని మేస్త్రీ అడ్డం తిరిగినా భయం లేదు, మీ చేతి మీదుగా బండి తీసుకున్నవాడు మీకు ఇచ్చే హక్కే లేదనడానికి వీల్లేదు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ మాత్రం రాదు. 2021లో వచ్చిన ఆ నిబంధనలు యాభై ఏళ్లు దాటిన టూవీలర్లకి, కార్లకి మాత్రమే, లారీలకి లేవు. ఎవరైనా చేయిస్తానని డబ్బడిగితే ఇవ్వకండి. యజమాని పోతే 30 రోజుల్లో ఆర్టీఓకి చెప్పాలి, మీ ఇంట్లో ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. బండి బయటికొచ్చాక దాన్ని రోడ్డెక్కించకుండా, ముందు నాన్నగారితో పాటు మేనత్తల సంతకాలు కూడా తీసుకుని ఆర్‌సీలో పేరు మార్పిడికి ఫారం 31 పెట్టండి. ఆడపిల్లలకీ ఆ లారీలో సమాన వాటా ఉంది.