కయాకింగ్ ఛాంపియన్ బతుకు 40 సెకన్లది కాదు తమ్ముడూ

కాజీపేట తమ్ముడు అడిగింది ఇది: "న్యూజిలాండ్ లీసా కారింగ్టన్‌కు ఒలింపిక్స్‌లో 8 స్వర్ణాలట. 200 మీటర్ల పడవ రేసు 40 సెకన్లలో అయిపోతుంది. అందులో అంత పెద్ద కెరీర్ ఏముంటుంది? మా అమ్మాయి ఆమె వీడియోలు చూసి నేర్చుకుంటానంటోంది."

నేను హన్మకొండలో పీడీని, అంటే ఆటలు నేర్పే మాస్టారిని. మా అక్క కొడుకు ఈ ఆటలోకి వెళ్లినప్పటి నుంచి కయాకింగ్ రేసులు వదలకుండా చూస్తున్నాను. అందుకే గట్టిగా చెప్పగలను, నువ్వు చూసిన ఆ 40 సెకన్లు ఆమె కెరీర్‌లో చాలా చిన్న ముక్క.

కారింగ్టన్ 2012 లండన్‌లో, 2016 రియోలో, 2021లో జరిగిన టోక్యోలో వరుసగా 200 మీటర్లు గెలిచింది. టోక్యోలో 38.12 సెకన్లు పట్టింది. అదే రోజు 500 మీటర్ల జంట పడవలో కూడా గెలిచింది. ఆ తర్వాత ఏమైంది? పారిస్ ఒలింపిక్స్ నుంచి ఆ 200 మీటర్ల కయాక్ రేసునే తీసేశారు. మూడు ఒలింపిక్స్‌లో ఓటమి ఎరగని రేసు లేకుండా పోతే మామూలు మనిషైతే ఆట మానేస్తుంది. ఆమె 35 ఏళ్ల వయసులో పారిస్‌కు వెళ్లి ఒంటరిగా, ఇద్దరిలో, నలుగురిలో, మూడు 500 మీటర్ల రేసులూ గెలిచి వచ్చింది. నన్నడిగితే అసలు గొప్పతనం ఇక్కడే ఉంది. రియోలో 200 స్వర్ణం చేతిలో ఉండగానే ఒంటరి 500 కూడా ఆడి కాంస్యం తెచ్చుకుంది. టోక్యోకల్లా అది స్వర్ణమైంది. అంటే తన రేసు పోకముందే రెండో రేసును సిద్ధం చేసుకుంది. మన దగ్గర పిల్లలకు ఒక మెడల్ రాగానే సన్మానం చేసి ఊరేగిస్తారు, వచ్చే నాలుగేళ్లకు ప్లాన్ ఏంటని ఒక్కరూ అడగరు.

జర్మనీ బిర్గిట్ ఫిషర్‌వి కూడా 8 స్వర్ణాలే. మొదటిది 1980లో 18 ఏళ్లకు, చివరిది 2004లో 42 ఏళ్లకు. మధ్యలో 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌ను అప్పటి తూర్పు జర్మనీ బహిష్కరించడం వల్ల ఒక ఒలింపిక్స్ పోయింది కూడా. ఈ ఆటలో ఓపిక ఉన్నవాళ్లను వయసు ఏమీ చేయలేదు.

ఇక మావాడి సంగతి. వాళ్లది లక్నవరం దగ్గర ఊరు. తండ్రి చేపలు పడతాడు. వీడు థర్మాకోల్ తెప్ప మీద నిలబడి వల లాగుతాడు. మత్తడి దుంకే రోజుల్లో కూడా వాడికి నీళ్లంటే బెరుకు లేదు. అలాంటి వాడిని సెలక్షన్ కోసం భోపాల్ తీసుకుపోయాను. అక్కడ రేసు పడవ చూస్తే నడుము పట్టేంత వెడల్పే ఉంది. పొడవు 5.2 మీటర్లు, బరువు 12 కిలోలు. గట్టు మీద నుంచి చెయ్యి తీశాడో లేదో బోర్లా పడ్డాడు. పడవను ఒడ్డుకు లాగి, నీళ్లు పారబోసి, మళ్లీ కూర్చుంటే మళ్లీ పడ్డాడు. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వుతుంటే వాడి ముఖం చూడలేకపోయాను. పొద్దుగూకే వేళకు అక్కడి కోచ్ వచ్చి గట్టిగా "హాథ్ నహీ, పైర్ సే" అన్నాడు, చేతులతో కాదు కాళ్లతో అని. పడవ ముక్కు చూడొద్దు, దూరంగా చూడు, తెడ్డు నీళ్లలో ఉంచు, కుడి తెడ్డు వేసినప్పుడు కుడికాలితో పడవ లోపల పాదాలు ఆనించే ఫుట్‌బోర్డును తన్ను అని చూపించాడు. సైకిల్ ఆగితే పడిపోయినట్టే ఈ పడవా కదులుతుంటేనే నిలుస్తుంది. మావాడు కాళ్లతో తన్నడం మొదలుపెట్టాక నీళ్లలో గుర్తుగా తేలే బోయ్ దాకా తిన్నగా పోయాడు. నేను గట్టు మీద చప్పట్లు కొడుతూనే ఉన్నాను.

అందుకే చెప్తున్నా, కయాకింగ్ భుజాల ఆట కాదు. బలమంతా కాళ్లలో పుట్టి, నడుము తిరిగి, చేతికి వస్తుంది. కారింగ్టన్ వీడియోలో చేతులు కాదు, మోకాళ్లు చూడమను మీ అమ్మాయిని.

ఇంకో బాధ ఉంది. పేపర్లో ఫొటో వేసి కింద రోయింగ్ అని రాస్తారు. రోయింగ్‌లో వెనక్కి తిరిగి కూర్చుంటారు, తెడ్లు పడవకే బిగించి ఉంటాయి. కయాక్‌లో ముందుకు చూస్తూ, రెండు వైపులా రెక్కలున్న ఒకే తెడ్డుతో పోతారు. ఈ మాత్రం తేడా తెలుసుకోని వాళ్లు పిల్లల గురించి ఏం రాస్తారు?

మనకు నీళ్లు లేవా? పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయులు కట్టించి పోయారు, ధర్మసాగర్ ఉంది. మణిపూర్‌లో లోక్‌తక్ సరస్సు పక్కన పెరిగిన సునీల్ సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అర్జున్ సింగ్‌తో కలిసి 1000 మీటర్ల కనూలో, అంటే మోకాలి మీద కూర్చుని ఒకే రెక్క ఉన్న తెడ్డుతో నడిపే పడవలో, కాంస్యం తెచ్చాడు. మన చెరువుల్లో మాత్రం టూరిస్టుల కోసం బోటింగ్ పెడతారు. ఒక రేసు పడవ ఖరీదు లక్షల్లో ఉంటుంది, మామూలు ఇళ్లవాళ్లు కొనలేరు. ఒక్క చెరువులో 500 మీటర్ల లేన్లు కట్టి, నాలుగు పడవలు, ఒక కోచ్‌ను ఇస్తే ములుగు పిల్లలే చాలు.

మీ అమ్మాయిని ఆపొద్దు తమ్ముడూ. జాబ్ కోటా ఉందా అని ఇప్పుడే లెక్కలు వేయొద్దు. ముందు ఈత నేర్పించు, స్విమ్మింగ్ పూల్‌లోనే. ఒంటి మీద బట్టలతో 200 మీటర్లు ఆగకుండా ఈదగలిగాక నాకు చెప్పు. భోపాల్‌లో ఎవరిని కలవాలో, ఏ నెలలో వెళ్లాలో మావాడిని అడిగి చెబుతాను.