‘ఫ్లయింగ్ వైల్డ్ అలాస్కా’ పైలట్ జిమ్ ట్వీటో ఎలా మరణించారు?

డిస్కవరీ చానెల్‌లో 2011, 2012 సంవత్సరాల్లో వచ్చిన ఈ రియాలిటీ కార్యక్రమంతో పేరుపొందిన ట్వీటో, 2023 జూన్ 16న అలాస్కాలోని షాక్‌టూలిక్ గ్రామానికి ఈశాన్యంగా తన సెస్నా 180 విమానం కూలిపోవడంతో 68 ఏళ్ల వయసులో మరణించారు. ఆయనతో ప్రయాణిస్తున్న ఒక వేట గైడ్ కూడా ప్రాణాలు కోల్పోయారు. విమానం నేల విడిచినా పైకి ఎగబాకలేక కూలిపోయిందని ప్రత్యక్ష సాక్షి చెప్పినట్లు రాష్ట్ర పోలీసులు తెలిపారు. ఇది చిత్రీకరణలో జరిగిన ప్రమాదం కాదు. కార్యక్రమం ముగిసి అప్పటికే దశాబ్దం దాటింది. సాధారణంగా చిన్న విమానాలకు టేకాఫ్ దశ ప్రమాదకరం, ఎందుకంటే వేగం, ఎత్తు రెండూ తక్కువగా ఉన్న ఆ క్షణాల్లో ఏ లోపం తలెత్తినా సరిదిద్దుకోవడానికి పైలట్‌కు వ్యవధి దాదాపు ఉండదు.