గేమ్ మధ్యలో సిస్టమ్ బిగుసుకుపోతోందా? కార్డు కొనే ముందు ర్యామ్ తీసి చూడండి

విశాఖ ఎంవీపీ కాలనీలో, బీచ్‌కి దగ్గర్లో ఇల్లు. గేమ్ ఆడుతుంటే ఒక్కోసారి పావుగంటకే, ఒక్కోసారి రెండు గంటలకి స్క్రీన్ ఆగిపోయి సౌండ్ ఒకేచోట గీ మంటోంది, షాపువాళ్లు గ్రాఫిక్స్ కార్డు మార్చమంటున్నారు, మార్చాలా అని కదా మీరు అడిగింది. అప్పుడే మార్చకండి.

ఈసారి హ్యాంగ్ అయినప్పుడు కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు మారకపోతే మెషీన్ మొత్తం ఆగినట్టే. గ్రాఫిక్స్ కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, పడిపోతే సాధారణంగా స్క్రీన్ ఓ క్షణం నల్లబడి తిరిగొస్తుంది, విండోస్ తప్పులు రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో 4101 అనే నంబరు పడుతుంది. డిస్క్ మొండికేస్తే మౌస్ కదులుతూనే ఉంటుంది, అక్కడే 129 కనిపిస్తుంది. అందులోనే కెర్నల్ పవర్ 41 చూసి ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటిచ్చే డబ్బా) పోయిందని తేల్చేసేవాళ్లని నమ్మొద్దు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదన్నదొక్కటే దానర్థం. మీరు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినా అదే పడుతుంది.

విశాఖలో, అందులోనూ బీచ్ పక్కన, మొదటి అనుమానం ఉప్పుగాలి మీదే పెట్టాలి. ర్యామ్ అంటే బోర్డు మీద నిలువుగా గుచ్చే మెమరీ పట్టీ (స్టిక్). దాని పిన్నుల మీద బంగారు పూత చాలా పల్చన. ఎక్కడైనా అరిగితే కింది నికెల్, రాగి చెమ్మకి చిలుం పడతాయి. కాంటాక్టు అంటీ అంటనట్టు ఉంటుంది. లోడు పడి బోర్డు వేడెక్కి కాస్త వ్యాకోచించగానే ఒక్క బిట్ తప్పినా చాలు. అందుకే హ్యాంగ్‌కి వేళాపాళా ఉండదు.

ప్లగ్ పీకి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కిపట్టండి. క్యాబినెట్ ఇనుము ముట్టుకున్నాకే ర్యామ్ తీయండి. పిన్నుల్ని దీపం వెలుగులో ఏటవాలుగా పట్టి చూస్తే మచ్చలు, మసకబారిన గీతలు తెలుస్తాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని పోగులు రాలని గుడ్డకి అద్ది, పై నుంచి అంచు వైపుకి ఒకే దిశలో తుడవండి. రబ్బరుతో రుద్దేస్తారు చాలామంది. మెత్తటి తెల్ల రబ్బరైతే ఒకసారికి సరే, గరుకుది మిగిలిన బంగారాన్ని కూడా గీకేస్తుంది. స్లాట్లో వేలు పెట్టొద్దు, బ్లోయర్ చాలు. పూర్తిగా ఆరాక, గొళ్లెం టక్కుమనేదాకా నొక్కండి. గ్రాఫిక్స్ కార్డు పిన్నులకీ ఇదే వైద్యం.

అయినా హ్యాంగ్ తగ్గకపోతే బయోస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగుల్లో) ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ తీసేసి ఆడండి. హ్యాంగ్ పోయిందంటే దోషం చాలావరకు ర్యామ్‌ది గానీ, ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలర్‌ది గానీ. ఒక్క స్టిక్కే బోర్డు మీద ఏ2 అని రాసున్న స్లాట్లో పెట్టి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ని రాత్రంతా నాలుగు పాస్‌లు తిప్పండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ పనికిరాదు, "ఒక్కటేగా" అనుకోవద్దు.

తర్వాత కరెంటు. ఏసీ కంప్రెసర్ ఎత్తుకున్నప్పుడే హ్యాంగ్ అవుతోందేమో గమనించండి. మన కరెంటులో ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు. కరెంటు తప్పితే మంచి ఎస్ఎంపీఎస్ కూడా ఫుల్ లోడులో సుమారు 16 మిల్లీసెకన్లే మోస్తుంది, పేరూ ఊరూ లేనిది అంత కూడా ఆగదు. గ్రాఫిక్స్ కార్డుకి రెండు 8 పిన్ సాకెట్లుంటే రెండు వేర్వేరు కేబుళ్లు ఇవ్వండి, ఒకే కేబుల్‌కి వేలాడే రెండో తోకని వాడొద్దు. క్యాబినెట్ తాకితే జిల్లుమంటోందా? ఎర్తింగ్ లేదన్నమాట. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ చూపించండి, రెండు మూడు వోల్టులు దాటకూడదు.

షాపులో ముందు ఫార్మాట్ కొడతామంటారు. చిలుం పట్టిన పిన్ను ఫార్మాట్‌కి లొంగదు, మీ గేమ్ సేవ్‌లు మాత్రం పోతాయి. ముందు అద్దం, లోపల రంగురంగుల లైట్లు, గాలి పోవడానికి సందు లేని క్యాబినెట్లు అంటగట్టేదీ వాళ్లే. మన ఉక్కపోతకి అవి కొనడం దండగ.

ఇవన్నీ అయ్యాకా హ్యాంగ్ అవుతుంటే, తెలిసినవాళ్ల కార్డు ఒక్కరోజుకి అడిగి పెట్టి చూడండి. అప్పుడు హ్యాంగ్ పోతేనే కొత్త కార్డు మాట.