సెస్నా 172 ఫ్లైట్ మోడల్ సరిదిద్దడం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన సెస్నా 172పీ అనే చిన్న విమానపు మోడల్ ఫైలును ఫ్లైట్‌గేర్ అనే విమాన సిమ్యులేటర్‌లో రెండు రోజులు నడిపి చూశాను. దిగే సమయంలో విమానం రన్‌వే మీద తేలిపోతోందని డ్రాగ్ (గాలి నిరోధం) పెంచావు. దానితో క్రూయిజ్ (సమతల ప్రయాణ) వేగం పడిపోతే ఇంజిన్ శక్తిని పెంచావు. ఒక తప్పును మరొక తప్పుతో కప్పితే కొలతలు పైకి సరిపోయినట్టు కనిపిస్తాయే గాని, లోపల ఏ అంకెనూ నమ్మడానికి వీలుండదు. కాబట్టి ఆ రెండు మార్పులను తీసివేసి, మొదటి ఫైలు నుంచే మళ్లీ మొదలుపెట్టు.

అసలు దోషం స్టాల్ వేగంలో, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోయే వేగంలో ఉంది. స్పీడ్ మీటరు మీద తెల్ల చాపం 33 నాట్ల దగ్గర మొదలవుతుంది కనుక, ఫ్లాప్స్ (రెక్కల వెనుక అంచున దించే పలకలు) పూర్తిగా దించినప్పుడు అదే వేగంలో స్టాల్ కావాలని లిఫ్ట్ (పైకెత్తే బలం) పట్టికను పెంచావు. కానీ 33 అన్నది మీటరు చూపించే ఇండికేటెడ్ వేగం. ముక్కు బాగా పైకెత్తి నెమ్మదిగా ఎగిరేటప్పుడు వేగం కొలిచే పిటాట్ గొట్టం గాలికి ఎదురుగా ఉండదు, స్టాటిక్ (చుట్టూ ఉన్న గాలి) పీడనపు కొలతలోనూ దోషం వస్తుంది. అందువల్ల మీటరు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఆ దోషాన్ని సవరించిన క్యాలిబ్రేటెడ్ వేగం 46 నాట్లు. ఫ్లాప్స్ ఎత్తి ఉంటే 44కు బదులు 51 అవుతుంది. 2,400 పౌండ్ల బరువు, 174 చదరపు అడుగుల రెక్క, సముద్రమట్టపు గాలి సాంద్రత తీసుకుని నీవే లెక్క కట్టి చూడు: 46 నాట్ల దగ్గర లిఫ్ట్ గుణకం సుమారు 1.9 వస్తుంది, 33 దగ్గర 3.7 దాటిపోతుంది. ఇలాంటి ఫ్లాప్స్ ఉన్న రెక్క అంత లిఫ్ట్ ఇవ్వడం అసాధ్యం. విమానం తేలిపోవడానికి కారణం ఇదే. నేనూ మొదటి మోడల్‌లో ఇదే పొరపాటు చేసి, వారాల తరబడి ఎలివేటర్‌ను (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలకను) అనుమానిస్తూ గడిపాను. ఫ్లైట్‌గేర్‌లో విమాన గమనాన్ని లెక్కించే జేఎస్‌బీసిమ్ ప్రోగ్రామ్ ఇచ్చే క్యాలిబ్రేటెడ్ వేగాన్ని విమానపు హ్యాండ్‌బుక్‌లోని క్యాలిబ్రేటెడ్ వేగంతోనే పోల్చు.

ఇక వరుస గురించి. ముందుగా బరువు, గురుత్వ కేంద్రం సరిచూసుకో. జేఎస్‌బీసిమ్ నిర్మాణ కొలతల్లో ఎక్స్ అక్షం ముక్కు నుంచి తోక వైపు పెరుగుతుంది, ఇది తారుమారైతే తర్వాత చేసే పని అంతా వృథా. ఏరోడైనమిక్ రిఫరెన్స్ బిందువుకూ (గాలి బలాలు పనిచేస్తాయని మోడల్ తీసుకునే చోటు) గురుత్వ కేంద్రానికీ మధ్య దూరం వల్ల కలిగే పిచ్ మొమెంటును (ముక్కును పైకో కిందికో తిప్పే ప్రభావాన్ని) ప్రోగ్రామ్ తానే లెక్కిస్తుంది. నీవు పుస్తకంలో నుంచి తీసుకున్న పిచ్ గుణకం గురుత్వ కేంద్రం ఆధారంగా కొలిచినదైతే, అదే ప్రభావం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. నీ విమానం ట్రిమ్‌కు (చేయి వదిలినా స్థిరంగా ఎగిరేలా చేసే సర్దుబాటుకు) లొంగకపోవడానికి ఇది కారణం కావచ్చునని నా అనుమానం.

తర్వాత ఇంజిన్. 2,700 ఆర్‌పీఎమ్ వద్ద 160 హార్స్‌పవర్‌కు మించి ఒక్క అంకె కూడా పెంచవద్దు. శక్తి స్థిరపడ్డాక డ్రాగ్‌ను రెండు చోట్ల పట్టుకోవాలి: సముద్రమట్టంలో గరిష్ఠ వేగం 123 నాట్లు ఒకటి, మీటరు మీద 65 నాట్ల వద్ద గ్లైడ్ (ఇంజిన్ శక్తి లేకుండా జారుతూ దిగడం) రెండవది. గ్లైడ్‌లో వెయ్యి అడుగులు దిగేలోపు సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు ముందుకు పోవాలి. ఈ రెండూ కుదిరాక, నిమిషానికి 700 అడుగుల ఆరోహణ దానంతట అదే దగ్గరికి రావాలి. రాకపోతే ప్రొపెల్లర్ పట్టికను చూడు, డ్రాగ్‌ను మాత్రం మళ్లీ ముట్టుకోకు.

నీవు బేగంపేట నుంచి ఎగరడం ఇష్టపడతావని తెలుసు. అయితే ఆ రన్‌వే సుమారు 1,700 అడుగుల ఎత్తున ఉంది, పైగా నిజ వాతావరణం పెట్టుకుంటే వేసవి వేడి కూడా తోడవుతుంది. కొలతలు తీసుకునేటప్పుడు మాత్రం సముద్రమట్టం, 15 డిగ్రీలు, గాలి లేని వాతావరణం పెట్టుకో.

చివరగా ట్రిమ్ చేసి, 100 నాట్ల వద్ద ఎలివేటర్‌ను కొద్దిగా లాగి వదిలేయి. విమానం పైకీ కిందికీ నెమ్మదిగా ఊగాలి. సాధారణ సూత్రం ప్రకారం ఒక ఊపుకు సుమారు 23 సెకన్లు పడుతుంది. ఊపులు తగ్గకుండా పెరుగుతూ పోతే ఆ లాగ్ ఫైలును, మార్చిన పంక్తులను నాకు పంపు. ఒక్కో పరీక్షకు ఒక్క మార్పే చేసి, పక్కనే తేదీ రాసిపెట్టు.

ఆశీర్వదిస్తూ,
మీ పెదనాన్న