నీలి బల్బుల కింద స్పైరులినా

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. ఇంటి వెనక రేకుల షెడ్డులో తొట్లు పెట్టి స్పైరులినా అనే తినే నాచును పెంచుతున్నాను. నీలి ఎల్‌ఈడీ బల్బులు పెడితే దిగుబడి రెట్టింపవుతుందని అమ్మినవారు చెప్పారు. పెట్టిన కొద్ది రోజులకే నీళ్ల రంగు బాగా ముదిరింది, కానీ వడకడితే వచ్చే ముద్ద తగ్గింది. కారణం ఏమిటి?

జవాబు: నీలి కాంతి శైవలాలకు మంచిదన్న మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు, అది క్లోరెల్లా వంటి ఆకుపచ్చ శైవలాలకు చెల్లుతుంది. వాటిలోని పత్రహరితం 430 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర నీలి కాంతిని, 660 దగ్గర ఎరుపును గట్టిగా పీల్చుకుంటుంది. స్పైరులినాను మనం నాచు అంటున్నా, అది సయనోబాక్టీరియా, అంటే కిరణజన్య సంయోగక్రియ జరిపే బాక్టీరియా, జాతిది. అందులో 620 నానోమీటర్ల దగ్గరి నారింజ, ఎరుపు కాంతిని పట్టేది ఫైకోసయనిన్ అనే ప్రోటీన్.

కిరణజన్య సంయోగక్రియ సాగాలంటే కణంలో కాంతిని పట్టి పనిచేసే రెండు ప్రోటీన్ సముదాయాలు, అంటే రెండు కాంతి వ్యవస్థలూ, జతగా పనిచేయాలి. నీటిని విడగొట్టి ఎలక్ట్రాన్లను అందించేది రెండవది, వాటిని అందుకొని ముందుకు నడిపేది మొదటిది. స్పైరులినాలోని పత్రహరితంలో అధికభాగం మొదటి వ్యవస్థ దగ్గరే ఉంటుంది. రెండవదానికి కాంతి ముఖ్యంగా ఫైకోసయనిన్ ద్వారానే చేరాలి, ఆ ఫైకోసయనిన్ నీలి కాంతిని చాలా కొద్దిగా మాత్రమే పీల్చుకుంటుంది. అందువల్ల మీ బల్బుల కింద మొదటి వ్యవస్థకు కాంతి అందుతున్నా, ఎలక్ట్రాన్లు పంపవలసిన రెండవ వ్యవస్థకు పని తగ్గిపోతుంది. నీలి ఫోటాన్‌లో ఎరుపు ఫోటాన్‌కంటే దాదాపు ఒకటిన్నర రెట్ల శక్తి ఉన్న మాట నిజమే. అయితే ఆ అదనపు శక్తి క్షణంలోపే వేడిగా మారిపోతుంది కాబట్టి దానివల్ల లాభం లేదు.

ఇక రంగు ముదరడం సంగతి. వాడుకోదగిన కాంతి కరువైనప్పుడు కణం ఉన్న కొద్దిపాటి కాంతినైనా వదలకుండా పట్టుకోవడానికి వర్ణకాలను (కాంతిని పట్టే రంగు పదార్థాలను) పెంచుకుంటుంది. ఎండ ఎక్కువైతే వాటిని తగ్గించుకొని, రక్షణకోసం కెరోటినాయిడ్లనే పసుపు, నారింజ వర్ణకాల వాటాను పెంచుకుంటుంది. ఈ సర్దుబాటుకు గంటలు మొదలు రోజుల దాకా పడుతుంది. కాబట్టి ముదురు రంగును బలానికి గుర్తుగా తీసుకోకండి, మీ తొట్లలో అది ఆకలికి గుర్తు. పెరుగుదల తెలియాలంటే రంగు చూడటం కాదు, లీటరు నీళ్లు వడకట్టి, ఆరబెట్టి, తూకం వేయాలి.

షెడ్డులోనే కొనసాగించేటట్లయితే ఎరుపు ఎక్కువగా ఉన్న బల్బులు మేలు. నా మట్టుకు నాకు, నల్లగొండ ఎండను వదిలి కరెంటు బిల్లు కట్టడం అర్థమయ్యే పని కాదు. తొట్లను బయట షేడ్ నెట్ కింద పెట్టి, నీటి లోతు జానెడు మించనివ్వకుండా, పగలు తరచుగా కలుపుతూ ఉండండి. చీకటికి అలవాటుపడిన కణాలను ఒక్కసారిగా ఎండలో పెడితే దెబ్బతింటాయి గనుక నెట్‌ను కొద్దిరోజులపాటు దట్టంగా ఉంచి, మెల్లగా పలచన చేయండి. చలికాలం ఉదయాల్లోనూ ఈ జాగ్రత్త అవసరం. నీళ్లు చల్లగా ఉండగానే ఎండ తీవ్రమైతే కణం పట్టిన కాంతిని ఖర్చు చేయలేక, రెండవ కాంతి వ్యవస్థే పాడవుతుంది.

ప్రశ్న: ఆకుపచ్చ కాంతి కిరణజన్య సంయోగక్రియకు పనికిరాదని చదువుకున్నాం. నిజమేనా? (డిగ్రీ విద్యార్థిని, మహబూబ్‌నగర్)

జవాబు: ఆ అభిప్రాయానికి మూలం 1882లో జర్మన్ శాస్త్రవేత్త ఎంగెల్మన్ చేసిన ప్రయోగం. పట్టకంతో విడగొట్టిన కాంతిని నాచు పోగుపై పడనిస్తే, ఆక్సిజన్‌ను కోరే బాక్టీరియా ఎరుపు, నీలం పడినచోట్ల గుమిగూడింది, అంటే ఆక్సిజన్ అక్కడే ఎక్కువగా తయారైందన్నమాట. అయితే ఆకుపచ్చను కణం తక్కువగా పీల్చుకుంటుందే తప్ప అసలు పీల్చుకోకపోదు. చిక్కటి నీళ్లలో ఎరుపు, నీలం పైపొరలోనే ఖర్చయిపోతే, అడుగుకు చేరేది ఎక్కువగా ఆకుపచ్చే. కొన్ని సయనోబాక్టీరియాలైతే ఆకుపచ్చ కాంతిలో దాన్ని పట్టే ఫైకోఎరిత్రిన్ అనే ఎర్రటి వర్ణకాన్ని తయారుచేసుకొని ఎర్రబడతాయి, ఎరుపు కాంతిలో పెడితే మళ్లీ నీలి ఆకుపచ్చకు తిరుగుతాయి. స్పైరులినాలో ఫైకోఎరిత్రిన్ లేదు కనుక దానికి ఆ వెసులుబాటు లేదు.